నీళ్లు పడ్డాయి

వేటకొడవలి నడుముకు దోపుకుని నరసింహ కంపెనీ కంచె దూకాడు.

పొద్దున్నే కళ్లారా చూశాడు. కంపెనీ బోరులోంచి నీళ్లు బుసకొడుతూ లేచి, నల్ల పట్టా పరిచిన గుంటలోకి దూకుతున్నాయి. లోతు బండలో గ్యాస్ ఉందట. తీస్తే గిట్టుబాటవుతుందో లేదో చూడటానికి ఈ ఒక్క బోరు వేశారట. గ్యాస్ సంగతి దేవుడెరుగు, నీళ్లు పడ్డాయి! తన పొలంలో వేసిన ప్రతి బోరూ దుమ్మే కక్కింది. పాపం కంపెనీ వాళ్లు ఇన్నాళ్లూ ట్యాంకర్ల మీద ట్యాంకర్లు నీళ్లు తోలుకున్నారు. ఇక ఆ ఖర్చూ తప్పింది.

కంచె అవతల అతని పొలంలో చీనీ బత్తాయి చెట్లు ఆకు ముడుచుకుని చావుకు సిద్ధంగా ఉన్నాయి. పిల్లల్లా పెంచిన చెట్లు. ఒక్క తడి పడితే బతుకుతాయి. ఒంటిమిట్ట రాముడికి మొక్కుకుంటూ పైపు లోపలికి లాగాడు. కంచె బయట భార్య సుబ్బరత్నమ్మ మోటారు దగ్గర నిలబడింది.

గుంట చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. దాని ముందు దుడ్డుకర్రతో శివశంకర్. సొంత చిన్నాన్న కొడుకే. బావి పంపకంలో నరసింహ తండ్రి తల పగలగొట్టింది ఆ ఇంటివాళ్లే. అప్పట్నుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

అప్పుడే కబ్జా చేశాడు వెధవ! నరసింహ ఒళ్లు మండిపోయింది.

“ఆ నీళ్ల జోలికి రావద్దు నరసింహన్నా.”

“నీ అబ్బ సొమ్మేంరా? భూమితల్లి ఇచ్చిండాది!”

“పైపు దించినావంటే కాళ్లు ఇరగ్గొడతా. చెప్పేది ఇను...”

“మీ ఇంటోళ్లు చెప్పింది మా నాయన తలకాయ మీద ఇంగా ఉండాది లేరా!”

కర్ర నరసింహ మోకాలిపై పడింది. కొడవలి శివశంకర్ మెడ పక్కన దిగింది. కూలినవాడు పాక్కుంటూ వచ్చి పైపును రెండు చేతులా పట్టుకున్నాడు. ఎంత గుంజినా వదల్లేదు. నరసింహ ఆ చేతుల మీదా వేటు వేశాడు. సుబ్బరత్నమ్మ కెవ్వున అరిచింది.

“అరిసింది సాలు, మోటారెయ్యి!” అన్నాడు.

నీళ్లు పొలంలోకి పరుగెత్తాయి. ఒక్కో చెట్టు పాదూ నిండింది. నరసింహ కుంటుతూ వాటి వెంటే తిరిగాడు. ఏడ్చాడు, నవ్వాడు. ఇక ఉరి వేసినా సరే, తోట బతికింది.

కంపెనీ ఇంజనీరు హర్షవర్ధన్ జీపు దిగి పరుగెత్తుకొచ్చాడు. శవాన్ని చూశాడు. నిండిన పాదులను చూశాడు. తల పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

“అవి బోరులో పడ్డ నీళ్లు కాదయ్యా, గ్యాస్ కోసం బండను పగలగొట్టడానికి రసాయనాలు కలిపి మేం లోపలికి కొట్టిన ట్యాంకర్ నీళ్లే తిరిగి పైకొచ్చాయి, ‘పక్కన మా అన్న తోట ఉండాది సార్, ఒక్క చుక్క పారినా చెట్లు మాడిపోతాయి’ అని పట్టుబట్టి ఇతనే కాపలాకు దిగాడు!”