చెవులున్న గిరాకీ

“నువ్వు గూడ ఇక్కడ ఇని, బయటికి పోయి ఫోన్‌ల ఆర్డర్ పెట్టేటోనివే గదా అన్నా?” అంటూ దివాకర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గర అతని స్పీకర్ల దుకాణానికి అదే ఆఖరి రోజు. సరుకంతా హైదరాబాదు వ్యాపారి పట్టుకుపోగా, నడుమెత్తు జత ఒక్కటే గోడవార మిగిలింది. ఈ మధ్య వచ్చినవాళ్లంతా గంటసేపు కూర్చుని విన్నారు, స్పీకర్ పేరు ఫోటో తీసుకున్నారు, మెట్లు దిగుతూనే ఫోన్‌లో తెప్పించుకున్నారు.

“నాకు ఆర్డర్లు పెట్టుడు రాదు సారు,” అన్నాడు గండయ్య. గట్టుప్పల నుంచి పొద్దటి బస్సుకు వచ్చిన నేతపనివాడు. “జర పెద్ద డబ్బల మీద ఇనాలె. నాలుగొద్దుల సంది గిదే రంధి.”

“ఏం పాట పెట్టాలె?”

“పాట గాదు. నా ఫోన్‌ల ఉన్నది పెట్టుండ్రి.”

దివాకర్ వైరు కలిపాడు. టక్... టకటక్... టక్... గది నిండా మగ్గం చప్పుడు.

“గిదేంది?”

“మా మగ్గమే. నేను నేస్తుంటే మా ఇంటామె ఆండాళు కాళ్ల కింది గుంటల ఫోన్ పెట్టి రికార్డ్ చేసింది. ఫోన్‌ల ఇంటే చిడతలు కొట్టినట్టున్నది. జర సౌండ్ పెంచుండ్రి.”

పెంచాడు. గండయ్య కళ్లు మూసుకున్నాడు. “కింది మోత ఇంక ఎక్కువ చెయ్యుండ్రి... ఆ, గట్లనే. మల్లొక్కసారి మొదటి సంది.”

దివాకర్‌కు ఒళ్లు పులకరించింది. ఇరవై ఏళ్లలో ఇంత కచ్చితంగా అడిగి విన్న గిరాకీ మరొకడు లేడు. మూడోసారి పెట్టాడు. తానూ స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు. నాడె అటూ ఇటూ పరుగెత్తడం, పోగును కొట్టే అచ్చు దెబ్బ, నూలు బిగియడం, దేనికది విడివిడిగా వినబడుతోంది. తన స్పీకర్లు ఇంత గొప్పవని అతనికే ఈ రోజు తెలిసినట్టయింది.

ఐదోసారికి గండయ్య తొడ చరిచి లేచాడు. “దొరికింది సారు! నాలుగు సెల్‌ఫోన్ దుకాణాలు తిరిగిన, యాడ దొరకలే. మీ తాన్నే దొరికింది!”

“గా చిన్న డబ్బలల్ల యాడ దొరుకుతదన్నా!” అన్నాడు దివాకర్. “నీ అసొంటోని కోసమే గీ జత అమ్మకుంట ఆపిన. పైసల ఫికర్ పెట్టుకోకు, నీకు తోచింది ఇయ్యి. ఆటో నేనే మాట్లాడుత.”

అట్టపెట్టెల కోసం లోపలికి పరుగెత్తాడు. రెండూ మోసుకుని వచ్చేసరికి గండయ్య గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు.

“డబ్బలు నాకెందుకు సారు? కుడికాలు తొక్కినప్పుడల్ల కింద ఏదో గుద్దుకుంటాంది, ఇన్నరా? మగ్గం యాడ ఖరాబైందో దొరికింది, ఇగ బాగుజేయనీకి వడ్లాయన దగ్గరికి పోత!”