బండికి ఢోకా లేదు

“మీరే నడపండి సార్. నేను పక్కన కూర్చుంటా,” అంది త్రివేణి.

తాళం ఇవ్వబోయిన ఉమామహేశ్వర్ చేయి వెనక్కి తీసుకున్నాడు. “బండి చూడనీకి వచ్చింది మీరు. నేను నడుపుడేంది?”

“రోజూ నడిపే మనిషి చేతిలోనే బండి సంగతి తెలుస్తది సార్.”

ఆయనకు నచ్చలేదు. పోచారంలో ఐటీ ఉద్యోగులెవరో కారు కొంటామంటున్నారనీ, ముందు తమ మనిషిని పంపి చూపించుకుంటారనీ భార్య శారద రెండు రోజుల కిందట చెప్పింది. ఏ మెకానిక్కో వస్తాడనుకున్నాడు. చేతిలో ఫైలుతో ఆటో దిగింది నలభై ఏళ్ళ ఆడమనిషి. బానెట్ ఎత్తి చూపిస్తే తొంగి చూసి “సరే” అంది. అంతే.

అలాంటి కారు నాచారంలో ఇంకొకటి లేదు. వెనక డిక్కీ చివరిదాకా ఒకటే కప్పుతో సాగిన పొడుగాటి విదేశీ ఎస్టేట్ రకం కారు. ఎవరో కంపెనీ డైరెక్టరు వాడి అమ్మితే పదకొండేళ్ళ కిందట కొన్నాడు. భూగర్భ శాస్త్రవేత్తగా గుట్టలన్నీ ఎక్కి దిగి, రాళ్ళ నమూనాలు దాని వెనక వేసుకుని తిరిగాడు. పోయినేడే రిటైరయ్యాడు. కారు అమ్మాలన్న ఆలోచన శారదది. చూసి పోతే పోనీలే అని ఆయన ఊరుకున్నాడు.

త్రివేణి ఎడమ తలుపు మీది సొట్టను వేలితో తడిమింది. “ఇది ఎప్పుడు పడ్డది సార్?”

“అదా... పార్కింగ్‌ల ఎవడో తగిలిచ్చిండు.”

“ఎక్కడ?”

ఆయన శారద వైపు చూశాడు. శారద తల దించుకుంది.

“గుర్తుపెట్టుకోనీకి అదేమన్న పెద్ద యాక్సిడెంటా?” అని గొంతు పెంచాడు.

త్రివేణి ఫైల్లో ఏదో రాసుకుంది. “ఆఖరి సర్వీసు ఎప్పుడు చేయించిన్రు?”

“ఎండాకాలంల.”

“సర్వీసు పుస్తకం చూపిస్తరా?”

లోపలికి వెళ్ళి చాలాసేపటికి ఖాళీ చేతులతో వచ్చాడు. “బండి కండ్ల ముందట్నే ఉంది. పుస్తకం ఎందుకు?”

అదీ రాసుకుంది. తను ఏదో దాస్తున్నాడని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. ఆయన చెవులు వేడెక్కాయి.

“ఉప్పల్ చౌరస్తా దాకా పోయొద్దాం సార్. ఎట్ల పోవాల్నో మీ ఇష్టం.”

హబ్సిగూడ వరకు కారు నీళ్ళ మీద పడవలా సాగింది. ఎడమకు తిరిగి మెట్రో లైను కింది రోడ్డు ఎక్కగానే ఆయన ముఖం విప్పారింది. ఇంజన్ గురించి, గేర్ల గురించి ఒకటే చెప్పుకుపోయాడు. త్రివేణి మాత్రం ఇంజన్ వైపు చెవి పెట్టినట్టే లేదు. ఆయన చేతులనే చూస్తోంది.

ఉప్పల్‌లో ఎర్ర లైటు పడింది. కారు ఆగలేదు.

“సార్!”

పిల్లాణ్ణి చంకనెత్తుకుని రోడ్డు దాటుతున్న ఒకామె గడ్డకట్టినట్టు నిలబడిపోయింది. ఆమెకు జానెడు దూరంలో కారు కీచుమంటూ ఆగింది. వెనక హారన్లు మోగాయి. ఆమె బానెట్ మీద అరచేత్తో చరిచి తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

“చూసిన్రా, బ్రేకులు ఎంత మంచిగ పట్టుకున్నయో,” అని నవ్వాడు ఉమామహేశ్వర్. మెడ మీద చెమట కారుతోంది.

త్రివేణి నవ్వలేదు. ఆమె పెన్ను కింద పడిపోయింది. వంగి తీసుకుంది.

చౌరస్తాలో వెనక్కి తిరగాలి. ఆయన వరంగల్ రోడ్డు మీద నేరుగా పోనిచ్చాడు.

“చౌరస్తా దాటినం సార్.”

“తెలుసు. ఖాళీ రోడ్డు మీద పికప్ చూడున్రి.”

మేడిపల్లి దాటింది. అన్నోజిగూడ వచ్చింది. ఒక టైర్ల షాపు ముందు ఉన్నట్టుండి కారు పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.

“ఇగ వెనక్కి పోదామా సార్?”

“ఆగున్రి.” అటూ ఇటూ చూశాడు. “గా ఫ్లైఓవర్ పిల్లర్లన్ని లేపి రోడ్డు మొత్తం ఖరాబు జేసిన్రు.”

“నిజమే. యూటర్న్ ముందర్నే ఉంది.”

“నాకు తెల్వదా?” అని అరిచాడు. షాపులోని మనిషి తలెత్తి చూశాడు.

కాసేపటికి ఆయన గొంతు దిగింది. “మేడం, జర ఆ రాసుడు ఆపున్రి. మీరు పనికిరాదని రాస్తే మా ఆమె దీన్ని తుక్కు కిందనన్న ఏసేస్తది. మంచిగుందని రాస్తే, కొననీకి వచ్చినోళ్ళకు నేనే ఏదో ఒకటి చెప్పి పంపిస్త. ముప్పై ఏండ్లు గుట్టలల్ల తిరిగినోణ్ణి. ఇది పోతే నేను ఇంట్ల గోడలు చూసుకుంట కూసోవాలె.”

త్రివేణి ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెల్లగా, ఊసుపోక మాట్లాడుతున్నట్టు, ఎక్కడ తిప్పాలో ఎక్కడ వేగం తగ్గించాలో చెబుతూ నాచారం దాకా తీసుకొచ్చింది.

ఇంటి ముందు దిగాక ఆయన కారు కప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “ఉన్నదున్నట్టు చెప్పున్రి. బండికి ఏమన్న ఢోకా ఉందా?”

“బండికి ఏ ఢోకా లేదు సార్. రాజా లెక్క ఉంది.” ఆమె చెయ్యి చాపింది. “తాళం నాకియ్యండి. కొనేటోళ్ళు వచ్చి చూసేదాకా మీటరు రీడింగు మారొద్దు. ఎక్కడికీ తియ్యకండి.”

“గట్లనే,” అని తాళం ఇచ్చేశాడు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది. “చూసినవా శారదా, రాజా లెక్క ఉందట!” అంటూ ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

శారద గేటు పట్టుకుని నిలబడింది. లోపల నల్లా తిప్పిన చప్పుడు వినిపించేదాకా ఆగింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఇప్పుడు ఆయన సంగతి చెప్పున్రి, డాక్టరమ్మా.”