పంటి బిగువున

"ఇంకొక్క పావుగంట ఆగండి. మా తమ్ముడొస్తాడు" అంది అక్క.

వాకిట్లో వ్యాను వచ్చి నిలబడింది. ముందు గదిలో ఇస్త్రీ బల్లను గోడకు జరిపి, ఆ చోటే తల్లిని పడుకోబెట్టారు. బతికినన్నాళ్ళూ ఆ బల్ల దగ్గర నిలబడే ఉన్న మనిషి, ఇవాళ్టికి తీరిగ్గా పడుకుంది.

"ఇన్నేళ్ళూ రానివాడు ఇప్పుడొస్తాడా?" మేనమామ విసుక్కున్నాడు.

"కబురందింది మామయ్యా. బయల్దేరాడట."

"వచ్చినా గుర్తుపడతావా?"

"ఆ మూతిని గుర్తుపట్టకపోవడమా? వెయ్యిమందిలో ఉన్నా ఇట్టే పట్టేస్తాను."

నిజమే మరి. పసితనంలో చెవి వెనక గడ్డ కోయిస్తే నరం దెబ్బతిని, వాడి మొహం సగం చచ్చుబడిపోయింది. నవ్వితే మూతి కుడి చెవి దాకా పోయేది, ఎడమ చెంప గోడలా ఉండిపోయేది.

అక్కను చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చిన రోజున తల్లి వాణ్ణి వెనక గదిలో, మాసిన బట్టల మూటల చాటున కూర్చోబెట్టింది.

"ఈ ఒక్కపూటా బయటికి రాకురా నాయనా."

వాడు రాలేదు. తెల్లారేసరికి ఇంట్లోనూ లేడు.

చివరి రోజుల్లో ఆ తల్లికి ఒకటే పలవరింత. "వాడొచ్చి చూసేదాకా నన్ను కదపకండే!"

అందుకే అక్క గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి మనిషి మూతికేసీ చూస్తోంది.

నీలం చొక్కా మనిషొకడు వచ్చాడు. నున్నగా గీసుకున్న గడ్డం, చక్కటి మొహం. ఎప్పుడో ఇస్త్రీకి బట్టలిచ్చినవాడై ఉంటాడులే అనుకుని అక్క పక్కకు తప్పుకుంది.

అతను తల్లి పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కాసేపు చూశాడు.

తర్వాత నవ్వాడు.

"అయ్యయ్యో, నవ్వుతున్నాడేంటే!" పక్కింటామె నోరు నొక్కుకుంది.

అక్కకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, మా అమ్మ పోతే నీకు నవ్వులాటగా ఉందా?"

అతని నవ్వు ఇంకా పెద్దదైంది.

"సిగ్గులేదూ? నడు బయటికి!"

రెక్క పట్టుకుని గుమ్మం దాటించింది. అతను ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

పావుగంట అయింది. అరగంటా అయింది. వ్యానువాడు హారన్ కొట్టాడు.

"ఇక చాల్లే అమ్మాయ్" అన్నాడు మేనమామ, ఈసారి మెల్లగా.

తల్లిని తీసుకెళ్ళిపోయారు. వాడు ఇప్పుడైనా వస్తాడేమోనని అక్క మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది.

కాసేపటికి చంటిదాన్ని చంకనేసుకుని ఒక కొత్త మనిషి గబగబా వచ్చింది.

"ఇక్కడికి నీలం చొక్కా ఆయనొకరు వచ్చారాండీ? పనిలోంచి ఇటే వచ్చేశారు."

"వచ్చాడు. మా అమ్మ ముందు కూర్చుని పళ్ళికిలిస్తుంటే పొమ్మన్నాను."

ఆమె మొహం పాలిపోయింది.

"అది నవ్వు కాదండీ. ఆపరేషన్ చేసి, తొడ కండ తీసి చచ్చుబడ్డ చెంపలో పెట్టి, నమిలే నరానికి కలిపారు. మూతి చక్కబడింది. కానీ పళ్ళు బిగిస్తేనే నవ్వు. ఏళ్ళు గడిస్తే మామూలుగా నవ్వొచ్చన్నారు. కొందరికి వస్తుందట, ఈయనకి రాలేదు. ఏడుపు ఆపుకుందామని పళ్ళు బిగించినా అదే నవ్వు..."

అక్క గుమ్మం పట్టుకుంది.

"ఈ మొహం అమ్మకి చూపించాలని ఎన్నిసార్లు బయల్దేరి ఆగిపోయారో" అంటూ ఆమె ఖాళీ వీధికేసి చూసింది. "మీరు పొమ్మన్నాక ఎటు వెళ్ళారు, వదినా?"