తుమ్ము మడత

లిఫ్టు పనిచేయడం లేదని వాచ్‌మన్ చెబుతుండగానే మాస్టారు మెట్లెక్కేశారు. మూడో అంతస్తు దాకా ఎక్కడా ఆగలేదు. మొన్న మొన్నటి దాకా సొంతింటి గుమ్మం ఎక్కడానికే రొప్పిన మనిషి. ఇవాళ కోపమే ఆయన్ని పైకి మోసుకొచ్చింది.

చేతిలో ఒక కాగితపు గొట్టం. దాన్ని కత్తిలా పట్టుకుని నడిచారు.

వరండాకి ఒక పక్కంతా అద్దాల గోడ. లోపల టోపీలు, ముక్కుకు గుడ్డలు కట్టుకున్న అమ్మాయిలు భూతద్దాల మీదికి వంగి, కంటికి ఆననిదేదో పట్టకార్లతో తిప్పుతున్నారు. మాస్టారు అటు చూపు కూడా తిప్పలేదు. దొంగ సొమ్ముతో నడిచే కంపెనీలో చూడ్డానికి ఏముంటుంది?

తలుపు తోసుకుని లోపలికి వెళ్లారు. అల్లుడు దిగ్గున లేచాడు. అతని పక్కన కూర్చున్న మేనేజరమ్మ కూడా లేచింది. మెట్లెక్కి వచ్చారా, ఆయాసంగా ఉందా, మంచినీళ్లు తెప్పించనా అంటూ కుర్చీ జరిపింది. కాకా పట్టడం ఇలాగే మొదలవుతుందని మాస్టారికి తెలుసు. కూర్చోలేదు.

ఆయన బళ్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. కాగితాలు మడవడం ఆయన సరదా. సరదా అంటే మాత్రం ఒప్పుకోరు, విరుచుకుపడతారు. కత్తెర ముట్టకుండా, జిగురు పూయకుండా నక్షత్రాలు, గోళాలు, ఇంకా ఎవరూ పేరు పెట్టని ఆకారాలు తనే కనిపెట్టి మడిచేవారు. అన్నిటిలోకీ ఆయన ప్రాణం ఈ గొట్టం. నొక్కి మూస్తే పెన్సిలంత సన్నం. కొసలు పట్టుకుని కాస్త కదిపితే విచ్చుకుని గ్లాసంత లావు.

కొన్నేళ్ల క్రితం అల్లుడు దాన్ని చూసి, మా కంపెనీలో ఒక పనికి వాడుకుంటామని అడగబోయాడు. మాస్టారు మాట పూర్తి కానివ్వలేదు. కాగితం ఆడుకోవడానికి, అమ్ముకోవడానికి కాదని కసిరేశారు. అల్లుడు ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే ఆయన అనుకున్నారు.

పోయిన నెల ఛాతీ నొప్పితో ఆస్పత్రిలో పడి, లేచి, కూతురింట్లో విశ్రాంతి తీసుకుంటుంటే బండారం బయటపడింది. అల్లుడి గదిలో గోడకి ఫ్రేము కట్టిన బొమ్మ ఉంది. వరసలుగా గళ్లు, గళ్లలో ఐమూల గీతలు. తన గొట్టాన్ని విప్పి పరిస్తే అచ్చం అలాగే ఉంటుంది. కింద అల్లుడి పేరు. ఆ పేరు దగ్గరే మాస్టారి కళ్లు నిప్పులయ్యాయి. మిగతా అక్షరాలు చదవలేదు.

డాక్టరు ఆవేశపడొద్దన్నాడు నాన్నా, కాస్త కోలుకోండి, అన్నీ చెబుతానని కూతురు బతిమాలింది. నీకూ తెలుసన్నమాట అని ఆమెతో మాట్లాడటం మానేశారు.

ఇప్పుడు గొట్టాన్ని బల్ల మీద విప్పి పరిచారు. నాలుగో వరసలో ఒక గడి మీద వేలు గుచ్చారు.

"చుట్టూ ఉన్నవన్నీ పైకి మడత. ఇదొక్కటే కిందికి. ఎందుకో తెలుసా? మడుస్తుంటే నాకు తుమ్మొచ్చింది. చెయ్యి తప్పింది. అలాగే వదిలేశాను. నీ గోడ మీది బొమ్మలోనూ అదే గడి, అదే తప్పు. నా తుమ్మును కూడా దొంగిలించావు కదయ్యా."

అల్లుడు తల వంచుకున్నాడు. "అది సరిచేసి చూశాం మావయ్యగారూ. అలా చేస్తే గొట్టం సగంలోనే బిగుసుకుపోతోంది. ఆ మడతే అసలు కీలకం."

మాస్టారి మీసం కింద ఏదో కదలబోయింది. వెంటనే పళ్లు బిగించి అణిచేశారు.

"కబుర్లు చెప్పకు. దీంతో గొడుగులు చేసుకుంటున్నారో, లాంతర్లు చేసుకుంటున్నారో నాకనవసరం."

అవి కావు, అని అల్లుడు ఏదో చెప్పబోయాడు. నోరు మూసుకోమన్నారు. మేనేజరమ్మ అందుకుంది. తప్పు తమదేనని, అడగకుండా తీసుకోకూడదని, ఇకనుంచి ఆయన పేరే ముందు వేస్తామని నచ్చజెప్పబోయింది. అది నిప్పు మీద నెయ్యి పోసినట్టయింది. పేరుకి మొహం వాచి వచ్చానని అనుకుంటున్నారా వీళ్లు? అడగకుండా ఒకడి మడత విప్పడమంటే నలుగురిలో వాడి చొక్కా విప్పడమే.

బల్ల మీద చరిచారు. పెన్నుల డబ్బా దొర్లి కింద పడింది.

"నా మడతతో మీరు తయారుచేసి బయటికి పంపిన ప్రతి ఒక్కటీ వెనక్కి రావాలి. ఎక్కడున్నా సరే, ఎవరి దగ్గరున్నా సరే, పీకి తెప్పించండి. నా కళ్ల ముందు చితక్కొట్టండి. ఒక్కటంటే ఒక్కటి మిగిలినా కోర్టుకెక్కుతాను. నీ గడప తొక్కను. నా కూతురి మొహం కూడా చూడను."

ఇంత అరిచినా గొంతు వణకలేదు, ఊపిరి తడబడలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు. మేనేజరమ్మ గమనించింది. అల్లుడి వైపు చూసి, ఇంక చెప్పేయమన్నట్టు తలాడించింది.

అల్లుడు బల్ల మీది కాగితాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఒక్క గీత కూడా తప్పకుండా, నాలుగో వరసలో తుమ్ముతో సహా మడిచి మళ్లీ గొట్టం చేశాడు. దాన్ని మాస్టారి అరచేతిలో పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"అన్నీ అంటే, పోయిన నెల డాక్టర్లు మీ గుండెలో వేసిన స్టెంటు కూడా పీకించమంటారా మావయ్యగారూ?"