తువాలు కింద చెయ్యి

బసవేశ్వరరావు గుద్దిన గుద్దుకి డాక్టరు బల్ల మీద అద్దం నెర్రె విచ్చింది.

"గుండెని కాలుస్తానంటారేంటండీ?"

తెనాలి డాక్టరు కోప్పడలేదు. గుండె లయ తప్పిందనీ, తొడ నరంలోంచి సన్నటి తీగ పంపి తప్పుడు దరువు పుట్టేచోట చిన్న చురక పెడతామనీ, ఛాతీ కొయ్యాల్సిన పనిలేదనీ చెప్పాడు. వదిలేస్తే పక్షవాతం రావచ్చన్నాడు.

చేయించుకోమని భార్య మాణిక్యాంబ ఏడ్చింది. నోరు ముయ్యమని కసిరాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది మహానుభావుడికి.

అంగలకుదురులో పేరున్న గేదెల బేరగాడు. కళ్లముందు పాలు పితికించి చూడందే గేదెను కొనడు.

"చేయించుకుని బతికినోణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అప్పుడు చేయించుకుంటా."

చూపిస్తాను, మంగళవారం రమ్మన్నాడు డాక్టరు. మంగళవారం బాపట్ల అవతల సంత ఉంది, శుక్రవారం వస్తానని బసవేశ్వరరావు లేచి వెళ్లిపోయాడు.

ఆ సంతలో బేరం నోటితో ఆడరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువాలు కప్పి, కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. మూడో చెయ్యి అందులో దూరిందంటే బేరం చెడగొట్టడానికే. ఆ తప్పుకి కాళ్లు విరిగినవాళ్లున్నారు.

మంగళవారం బసవేశ్వరరావు బేరం తెగేలా ఉంది. మెడ నరం ఎగురుతోంది. ముఖం నిండా చెమటలు. అయినా తువాలు వదల్లేదు.

అంతలో ఓ బక్కపలచటి మనిషి పక్కనుంచి వచ్చి, తువాలు కింద చెయ్యి దూర్చి అతని మణికట్టు పట్టుకున్నాడు.

అమ్మే రైతు చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. బేరం పోయింది.

మొదటి దెబ్బకే ఆ మనిషి మూతి పగిలింది. రెండో దెబ్బకి పేడలో పడ్డాడు.

"కోపం వద్దు, అన్నా. కాసేపు కూర్చో," అన్నాడు నెత్తురు తుడుచుకుంటూ.

బేరం చెడగొట్టి, పైగా నీతులు! బసవేశ్వరరావు ముల్లుకర్ర తిరగేసి నెత్తిన కొట్టాడు. డొక్కలో తన్నాడు. పన్ను ఊడి పడింది. లేవబోతే మళ్లీ తన్నాడు. చివరికి తనకే ఆయాసం వచ్చి ఆగాడు గానీ జాలిపడి కాదు.

తగిన శాస్తే అన్నారు తోటి బేరగాళ్లు. ఎవరో ఆ మనిషిని ఆటోలో వేసుకుపోయారు.

శుక్రవారం బసవేశ్వరరావు డాక్టరు ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏడండీ మీ బతికినోడు? చూపించలేదుగా. నాకొద్దు మీ ఆపరేషన్."



"మీ ఆనవాళ్లు చెప్పి పంపించానండి. రేపల్లెలో టైలరు, జిలానీ. ఇదే ఆపరేషన్ అయి తొమ్మిదేళ్లు. మీరు భయపడుతున్నారంటే, శుక్రవారం దాకా ఎందుకు, సంతకే వెళ్లి ధైర్యం చెబుతానన్నాడు. పాపం, సంత పద్ధతులు తెలీవు. ఎవరు కనిపించినా ముందు మణికట్టు పట్టుకుని నాడి చూడటం అలవాటు."

బసవేశ్వరరావు కాలు కిందికి దించాడు. కుడిచెయ్యి తనంతట తానే ఎడమ మణికట్టును పట్టుకుంది.

"ఇప్పుడెక్కడున్నాడండి?" అన్నాడు.

"నిన్న ఖననం చేశారండి, సంతలో ఎవరో తల పగలగొట్టారట... గుండె మాత్రం చివరిదాకా ఒక్క దరువు తప్పకుండా కొట్టుకుంది."