తల దించుకునే తూటా

బాస్ చేతిలో పిస్టల్ మళ్ళీ మొరాయించింది. అదీ షూటింగ్ క్లబ్బులో, స్నేహితులందరూ చూస్తుండగా.

ఆయనగారు నిజానికి బాస్ ఏమీ కాదు. సోఫాలు, మంచాలు అమ్మే షోరూం ఒకటుంది. అక్కడి పనివాళ్ళ చేత బాస్ అనిపించుకుని, ఆ ముచ్చట చాలక ఇంట్లో పెళ్ళాం చేత కూడా అలాగే పిలిపించుకుంటున్నాడు. అరచేతిలో ఇమిడిపోయే ఆ బుల్లి పిస్టల్ కొన్నాక ఇక నేల మీద నడవడం మానేశాడు. ఆత్మరక్షణకట. మంచాలు ఎత్తుకుపోయే దొంగలు ఏ ఊళ్ళో ఉన్నారో ఆయనకే తెలియాలి.

కొన్న కొత్తలో అది బాగానే పేలింది. ఒకరోజు భోజనం ఆలస్యమైందని భార్య పాదాల పక్కన నేల మీద కాల్చి, ఆమె ఎగిరి పడితే పగలబడి నవ్వాడు. ఆ వారంలోనే పిస్టల్ పాడైంది. మనిషికి లేని సిగ్గు వస్తువుకి వచ్చిందనుకోవాలి.

లోపం పిస్టల్‌లో లేదు, మ్యాగజైన్‌లో ఉంది. తూటాలు పేర్చే ఆ రేకు డబ్బీ అడుగున స్ప్రింగు ఉంటుంది. పైన రెండు అంచులు తూటాని పట్టుకుంటాయి. పిస్టల్ పైన కదిలే స్లైడుని లాగి వదిలితే పై తూటా తలెత్తి గొట్టంలోకి దూరాలి. బాస్ గారి తూటా మాత్రం తల దించుకుని డబ్బీ గోడని పొడిచేది. స్లైడు సగంలో ఇరుక్కునేది. బుల్లి పిస్టళ్ళకి ఈ జబ్బు మామూలేనట. పాత మోడల్ కావడంతో రెండో మ్యాగజైన్ ఎంత వెతికినా దొరకలేదు.

రిపేరుకి తీసుకెళ్ళేది వాళ్ళమ్మ. షాపుల చుట్టూ తిరగడం బాస్‌కి నామోషీ. ఆవిడకి కొడుకంటే ప్రాణమని వీధి వీధంతా చెప్పుకునేది. మ్యాగజైన్‌ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ప్రతిసారీ అదే మెకానిక్ దగ్గరికి వెళ్ళేది. వాడు ప్రతిసారీ బాగుచేశానని ఇచ్చేవాడు. అది ప్రతిసారీ ఇరుక్కునేది. వేరేవాడి దగ్గరికి వెళ్దామని బాస్ ఎన్నోసార్లు అన్నాడు. పాతవాడైతే చవగ్గా చేస్తాడని ఆవిడ పట్టు. కొడుకు పరువు కన్నా నాలుగు డబ్బులు ముద్దు కాబోలు.

క్లబ్బులో పరువు పోగొట్టుకుని బాస్ ఇంటికొచ్చాడు. పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం దొరికిందని భార్య చెప్పింది. చేరనా అని అడగలేదు, చేరుతున్నానని చెప్పింది. అంతే, పిస్టల్ తీసి ఆమె ముఖానికి గురిపెట్టి స్లైడు లాగి వదిలాడు. తూటా ఈసారి తల ఎత్తినంత పని చేసింది. స్లైడు మూసుకోబోయి వెంట్రుకవాసిలో ఆగిపోయింది. ఆమె గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

వంటగదిలోంచి వాళ్ళమ్మ వచ్చింది. కొడుకుని పల్లెత్తు మాట అనలేదు. కోడలి మీద పడింది.

“వాడి సంగతి తెలిసీ ఎందుకు కదిలిస్తావు? పడనప్పుడు పుట్టింటికి పోవచ్చుగా?”

ఆ మాట ఆవిడ రోజూ అనేదే. ఇలాంటి అత్త ఉండగా ఆ పిల్లకి వేరే శత్రువులు దేనికి?

“గుమ్మం దాటితే అక్కడే కాల్చేస్తా,” అన్నాడు బాస్.

“సర్లే, ముందది ఇలా తే నాన్నా. ఆ చేతకానివాడి అంతు రేపు తేలుస్తా,” అంటూ ఆవిడ మ్యాగజైన్ ఊడదీయించుకుని బ్యాగులో వేసుకుంది.

మర్నాడు తలుపులు తీసేసరికే షాపు ముందు నిలబడింది. మ్యాగజైన్‌ని బల్ల మీదికి విసిరికొట్టి, వీధి మొత్తం వినేలా మెకానిక్‌ని దులిపేసింది. కళ్ళున్నాయా అంది. ఈ బతుక్కి చెప్పులు కుట్టుకోరాదా అంది. చెప్పులు కుట్టడమూ వాడికి చేతకాదని తనే తేల్చేసింది. ఎయిర్‌గన్ రిపేరుకి వచ్చిన ఒకాయన ఆ తిట్లన్నీ విని, ఇంత పనికిమాలినవాడికా ఇవ్వబోయింది అనుకుంటూ తన తుపాకీ తీసుకుని వెళ్ళిపోయాడు. మెకానిక్ మాత్రం తల వంచుకుని మ్యాగజైన్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. రోషమన్నది లేని మనిషి.

వచ్చినాయన మలుపు తిరిగేదాకా చూసి, ఆవిడ స్టూలు ముందుకి లాక్కుని గొంతు తగ్గించింది.

“నిన్న కొంచెంలో గొట్టంలోకి ఎక్కేసేది తమ్ముడూ, ఆ అంచులు ఇంకాస్త లోపలికి నొక్కు, రేపు నేను కోడల్ని బస్సెక్కించేటప్పుడు ఒక్క తూటా కూడా తలెత్తకూడదు.”