జుట్టు విరబోసుకున్న బొమ్మ

“దీపం పెట్టే యాళ్లకు జుట్టు ఇరబోసుకున్న ఆడిది ఇంట్ల ఏందిరా? తియ్ దాన్ని!” అంది అమ్మ.

గోడ మీది ఆ బొమ్మ పాత ఇంగ్లండు నీటిరంగుల చిత్రానికి ప్రింటు. నా భార్య సృజన ముచ్చటపడి తెప్పించుకుంది.

“బొమ్మ తీస్తే నేను గూడ మేడ్చల్ల మా అమ్మోల్లింటికి పోత,” అంది సృజన.

అమ్మ మాట నేనెన్నడూ కాదనలేదు. పటం దించాను. అమ్మ దగ్గరికొచ్చి చూసింది.

“ఆగురా. గీమె తల ఆరబెట్టుకుంటాంది.”

“అవునత్తమ్మా, గంతే.” సృజన గొంతు తగ్గింది.

“గామెను పనికి ఎవ్వలు పిలుస్తలేరు సూడు. నేనెన్నడన్న తల ఆరేదాంక గూసున్ననారా?”

తడి జుట్టునే కొప్పు చుట్టుకుని పొలానికి పరుగెత్తే అమ్మే నాకు తెలుసు. పటం మళ్లీ మేకుకు తగిలించబోయాను.

“గంత మీదికొద్దు, జర కిందికి పెట్టు,” అంటూ అమ్మ నేల మీద కూర్చుంది. “గూసుంటే కనవడాలె.”